థీమ్ పార్క్ దుకాణంలో ఏది గిట్టుబాటు, ఏది అటకెక్కే సరుకు

థీమ్ పార్కుల్లో చాలా రైడ్‌ల నుంచి బయటికొచ్చే దారి నేరుగా దుకాణంలోకే తెరుచుకుంటుంది. గుండె దడ ఇంకా తగ్గకముందే, ఇప్పుడే చూసొచ్చిన పాత్ర బొమ్మై ఎదురుగా నిలబడితే ధర చీటీ తిరగేసి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. పిల్లల చెయ్యి అందే ఎత్తులో మెత్తటి బొమ్మలు, పెద్దల కంటి ఎత్తులో మగ్గులు, టీషర్టులు పేర్చి ఉంటాయి. కొనాలా వద్దా అనేది ఆ గదిలో తేల్చుకునే విషయం కాదు. గేటు దాటకముందే తేల్చుకోవాలి.

తేల్చుకోవడానికి ఒక సులువు ఉంది. అక్కడ అమ్మేవన్నీ ఒకే జాతి సరుకు కాదు. కొన్ని పార్కులో వాడుకునే పనిముట్లు: మంత్రదండం, చేతి బ్యాండు, మళ్ళీ మళ్ళీ నింపించుకునే మగ్గు. కొన్నిటిలో వస్తువు కన్నా దాన్ని మన చేత్తో తయారు చేసుకునే ముచ్చటకే ఎక్కువ డబ్బు పోతుంది. మిగిలినవన్నీ ఇంటికి మోసుకెళ్ళే వస్తువులు. మొదటి రకం కొనేట్టయితే మొదటి రోజు పొద్దున్నే కొనాలి. మూడో రకాన్ని చివరి రోజు దాకా ముట్టుకోకూడదు. చాలామంది సరిగ్గా దీన్ని తిరగేస్తారు. మొదటి గంటలోనే పెద్ద బొమ్మ కొని రోజంతా చంకన మోస్తారు, ఆఖరి సాయంత్రం మంత్రదండం కొని రెండు గంటలు కూడా వాడకుండా పెట్టెలో పెట్టేస్తారు.

యూనివర్సల్ పార్కుల్లోని మంత్రదండం సంగతే దగ్గరగా చూద్దాం. అమెరికాలోని ఒర్లాండోలో, హ్యారీ పాటర్ కథల్లోని మాంత్రికుల బజారైన డయాగన్ ఆలీని 2014లో తెరిచినప్పటి నుంచి రెండు రకాల దండాలు అమ్ముతూ వచ్చారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కొనను వెలుతురులోకి పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఇంటరాక్టివ్ రకానికి కొనలో చిన్న పూసలాంటి మెరిసే బిళ్ళ ఉంటుంది, మామూలు రకానికి ఉండదు. దుకాణాల కిటికీల వెనక దాచిన పరికరం కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును వదులుతుంది. ఆ బిళ్ళ దాన్ని వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. కెమెరా ఆ మెరుపు చుక్క కదలికను గీతలా చదివి, గీత సరిపోతే కిటికీలోని బొమ్మను కదిలిస్తుంది. అంటే తెలివంతా గోడలో ఉంది, దండంలో లేదు. అందుకే ఈ పాత రకానికి బ్యాటరీ అక్కర్లేదు. ఏళ్ళ తర్వాత తిరిగి తీసుకెళ్ళినా పనిచేస్తుంది. ఒర్లాండోలో కొన్నది హాలీవుడ్ పార్కులోనూ పనికొస్తుంది. వెలుగుతూ, చేతిలో అదురుతూ ఉండే కొత్త రకం కూడా వచ్చింది. దానికైతే బ్యాటరీ సంగతి ముందే అడగాలి.

మంత్రం పడకపోవడానికి కారణాలు ఎప్పుడూ దాదాపు ఇవే. నేల మీద లోహపు బిళ్ళ ఒకటి పొదిగి ఉంటుంది, ఎటు నిలబడాలో, గీత ఎలా గీయాలో దాని మీదే ఉంటుంది. దాని మీద కాకుండా పక్కన నిలబడితే కెమెరా చూపుకు దండం అందదు. రెండోది, చెయ్యంతా ఎత్తి కత్తి తిప్పినట్టు తిప్పడం. మోచెయ్యి ఒంటికి ఆనించి, మణికట్టు మాత్రం కదిపి, నెమ్మదిగా చిన్న గీత గీయాలి. మూడోది, కొన దగ్గర వేలు అడ్డం పెట్టడం. చిన్న పిల్లలు దండాన్ని మధ్యలో పట్టుకుంటారు, అప్పుడు కొన ఎటో తిరిగిపోతుంది. మండుటెండలో ఆరుబయట కిటికీలు కాస్త మొండికేయడం కూడా సహజమే, సూర్యకాంతిలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కదా. పొద్దున తెరిచిన గంటలోనో, పొద్దువాలాకో వెళితే వరుసలూ తక్కువ, మంత్రాలూ తేలిగ్గా పడతాయి.

మరి గిట్టుబాటు మాటేమిటి? పెట్టెలో వచ్చే పటంలో మంత్రాల చోట్లు చాలావరకు గుర్తించి ఉంటాయి. పిల్లలు వాటిలో సగం చుట్టినా ఒక పూట గడిచిపోతుంది. రెండు రోజుల టికెట్ ఉన్నవాళ్ళకు ఇది కచ్చితంగా దండగ కాదు. పైగా ఎలాగూ ఒక్కొక్కరే బిళ్ళ మీద నిలబడాలి కాబట్టి ఇద్దరు పిల్లలకు ఒకే దండం సరిపోతుంది, వంతులేసుకుంటే చాలు. పార్కులో ఒక్క పూట మాత్రమే ఉండి, పెద్ద రైడ్‌ల వరుసల్లోనే ఆ పూట గడిచిపోయే వాళ్ళకు మాత్రం ఇది ఖరీదైన పుల్ల. అల్మరాలో పెట్టుకుని చూసుకోవడానికే అయితే కొనలో బిళ్ళ లేని చవక రకం తీసుకోండి.

ఒసాకాలోని యూనివర్సల్ స్టూడియోస్ జపాన్‌లో 2021 మార్చిలో తెరిచిన, మారియో వీడియో గేమ్ లోకంలా కట్టిన సూపర్ నింటెండో వరల్డ్ చేతి బ్యాండుది వేరే లెక్క. దాన్ని పంచుకోవడం కుదరదు. గుద్దిన ప్రతి దిమ్మెకూ వచ్చే నాణేలు, గెలిచిన తాళంచెవులు ఆ బ్యాండు పేరునే ఫోన్ యాప్‌లో జమవుతాయి. మూడు తాళంచెవులు కూడితేనే ఆఖరి పోటీ గదిలోకి పంపుతారు. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే రెండు బ్యాండులు కొనాల్సిందే, ఒకటి కొంటే గొడవ కొన్నట్టే. బ్యాండు లేకుండా ఆ లోకంలోకి వెళ్ళొచ్చు, రైడ్ ఎక్కొచ్చు, కానీ చుట్టూ అందరూ దిమ్మెలు గుద్దుతుంటే మన పిల్లలు ఊరికే చూస్తూ నిలబడాలి. ఆ ప్రాంతంలో కనీసం రెండు మూడు గంటలు గడపాలనుకుంటే కొనండి. రైడ్ ఒకటి ఎక్కి బయటపడాలనుకుంటే వద్దు. యాప్‌ను ముందు రోజు రాత్రే ఫోన్‌లో వేసుకుని ఖాతా తెరిచి పెట్టుకోండి. జనం మధ్య నిలబడి నెట్ కోసం తిప్పలు పడక్కర్లేదు.

ఒర్లాండో దగ్గరి వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో అమ్మే చేతి బ్యాండు, మ్యాజిక్ బ్యాండ్ ప్లస్ విషయంలో నా అభిప్రాయం ఇంత మెత్తగా ఉండదు. టికెట్, హోటల్ గది తాళం, ఫొటోల జమ, ఇవన్నీ ఫోన్‌తోనో హోటల్ ఇచ్చే కార్డుతోనో కూడా జరుగుతాయి. పైన చెల్లించేది దీపాల వెలుగుకీ, అదురుకీ, కొన్ని విగ్రహాల దగ్గర ఆటకీ. దీనికి ఛార్జింగ్ కూడా పెట్టాలి. ఇంట్లో పాత మ్యాజిక్ బ్యాండ్ ఏదైనా పడి ఉంటే దాన్ని పట్టుకెళ్ళండి. బ్యాటరీ చచ్చిపోయినా గేటు దగ్గర తాకించే పని దానితో అవుతుంది, ఎందుకంటే తాకితే పనిచేసే చిప్‌కు బ్యాటరీతో పని లేదు.

మగ్గులు, పాప్‌కార్న్ బకెట్ల దగ్గర మనసు కన్నా లెక్క నయం. బకెట్ ధరలోంచి మామూలు డబ్బా ధర తీసెయ్యండి, ఎందుకంటే మొదటిసారి పాప్‌కార్న్ అందులోనే వస్తుంది. మిగిలినదాన్ని, మామూలు డబ్బాకూ నింపే ధరకూ ఉన్న తేడాతో భాగించండి. ఉదాహరణకు డబ్బా 6, బకెట్ 14, నింపడం 2 అనుకుందాం. బకెట్‌కు అదనంగా పెట్టింది 8, ఒక్కో నింపుకు మిగిలేది 4, అంటే రెండుసార్లు నింపితే పెట్టిన డబ్బు వెనక్కొస్తుంది, మూడోసారి నుంచి లాభం. అయితే ఇది మామూలు గుండ్రటి బకెట్ల సంగతి. పాత్రల ఆకారంలో చేసినవాటికి అదనం చాలా ఎక్కువ, ఒక యాత్రలో నింపుకునేంతతో తేరుకోదు. టోక్యో డిస్నీలాండ్‌లో బండి బండికీ ఒక రుచి, ఒక ఆకారం బకెట్ ఉంటాయి. అక్కడ జనం వరుసలో నిలబడేది బకెట్ కోసమే, లోపలి గింజల కోసం కాదు. దాన్ని బొమ్మ ఖాతాలో రాసుకోవాలి, తిండి ఖాతాలో కాదు. కొనేముందు మూత తెరిచి మడత బందు చూడండి. చిన్న ప్లాస్టిక్ పిన్ను మీద నిలిచిన మూత రెండో రోజుకే ఊడుతుంది. మెడకు వేసుకునే పట్టీ కొక్కేన్ని కూడా ఒకసారి లాగి చూడండి, నిండు బకెట్ జారిపడేది అక్కడే. రాత్రికి గోరువెచ్చని నీళ్ళు, సబ్బుతో కడిగి మూత తీసి ఆరబెట్టకపోతే తెల్లారేసరికి నూనె కంపు కొడుతుంది.

మగ్గు విషయంలో అందరూ దెబ్బతినే చోటు ఒకటే: ఎక్కడ నింపుతారో అడగకపోవడం. డిస్నీ వరల్డ్ హోటళ్ళలో అమ్మే మగ్గును ఆ హోటళ్ళలోనే నింపుకోవాలి, పార్కుల్లో కుదరదు. పైగా అందులోని చిప్ ఆ బస ఉన్నన్ని రోజులే పనిచేస్తుంది. పొద్దున్నే ఎనిమిదింటికి వెళ్ళి రాత్రి పదింటికి గది చేరే కుటుంబానికి రోజుకు రెండు కప్పులు కూడా నింపుకునే వీలుండదు. మధ్యాహ్నం గదికి తిరిగొచ్చి ఈతకొలను దగ్గర గడిపేవాళ్ళకైతే అదే మగ్గు రెండు రోజుల్లో డబ్బు రాబడుతుంది. యూనివర్సల్‌లో అమ్మే కప్పు పార్కులోపలే నిండుతుంది కానీ కొన్న రోజు వరకే. మర్నాడు మళ్ళీ డబ్బు కట్టి తెరిపించుకోవాలి. దాహమే సమస్య అయితే ఇవేవీ అక్కర్లేదు. డిస్నీ వరల్డ్‌లో పానీయాలు పోసిచ్చే కౌంటర్‌లో అడిగితే చల్లటి నీళ్ళ గ్లాసు ఉచితంగా ఇస్తారు.

ఇక తయారు చేసుకునే ముచ్చట. డిస్నీ పార్కుల్లో స్టార్ వార్స్ సినిమాల లోకంలా కట్టిన గెలాక్సీస్ ఎడ్జ్ ప్రాంతంలోని సావీస్ వర్క్‌షాప్ దీనికి పేరుమోసింది. 2019లో తెరిచారు. నాలుగు రకాల పిడుల్లోంచి ఒకటి ఎంచుకుని, పిడి ముక్కలు ఒక్కొక్కటీ బిగించి, రంగు రాయి లోపల పెట్టి, అందరితో కలిసి ఒకేసారి కాంతి ఖడ్గం వెలిగించే తంతు అది. ధర చాలా రోజుల్లో ఒక రోజు టికెట్‌ను మించిపోతుంది. ఆ ధరలో ఖడ్గానికి ఎంత, తంతుకు ఎంత అని అడిగితే, సగానికి సగం తంతుకే అని నా లెక్క. లోహపు పిడి బరువుగా, దృఢంగా ఉంటుంది. వెలిగే గొట్టమే సున్నితం. లోపల దీపాల వరుస ఉంటుంది కాబట్టి గట్టిగా కొట్టుకుంటే చీకటి చుక్కలు పడతాయి. పోట్లాడుకోవడానికి ఖడ్గం కావాలనే పిల్లాడికి ఇది సరైన కొనుగోలు కాదు, అతనికి మడత పడే ప్లాస్టిక్ ఖడ్గమే ఆనందం. పదేళ్ళుగా ఆ కథల మీద ప్రాణం పెట్టుకున్న మనిషికి మాత్రం మరో మాట లేకుండా కొనిపెట్టండి. రిజర్వేషన్ ముందే చేసుకోవాలి. రద్దు నిబంధనలు ముందే చదవండి, చెప్పకుండా మానేస్తే డబ్బు కోత పడుతుంది. తయారు చేసేవారి వెంట ఒక్కరినే లోపలికి రానిస్తారు, కాబట్టి అమ్మమ్మ, తాతయ్య అందరూ చూడాలనుకుంటే కుదరదు. ఆ పూట ఖడ్గంతో రోలర్ కోస్టర్లు ఎక్కడం కూడా ఇబ్బందే, సాయంత్రం వేళకు పెట్టుకోండి.

మూడో రకం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, ఒక్క పిన్నుల సంగతి తప్ప. పిన్నులంటే పట్టీకో బట్టకో గుచ్చుకునే చిన్న రంగుల లోహపు బొమ్మలు. డిస్నీ వరల్డ్‌లో 1999లో మొదలైన పిన్ మార్పిడి నిజంగా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఆనందం ఇచ్చే ఆట. మెడలో పట్టీ వేసుకున్న ఉద్యోగి దగ్గరికి వెళ్ళి మన పిన్ను ఇచ్చి వాళ్ళది తీసుకోవచ్చు, ఒక్కొక్కరి దగ్గర రోజుకు రెండు. బిడియపడే పిల్లలు కూడా ఈ ఆట వంకతో కొత్తవాళ్ళతో మాట్లాడతారు. అయితే ఆన్‌లైన్‌లో పాతిక, యాభై కలిపి అమ్మే చవక పొట్లాల్లో నకిలీలు చాలా ఎక్కువ. వేలితో అంచు తడిమితే గరుకు తగులుతుంది, రంగు గుంటలు పడి ఉంటుంది, కొన్నిట్లో రెండు రంగుల మధ్య లోహపు గీత చెదిరిపోయి ఉంటుంది. వెనక వైపు ముద్ర అలుక్కుపోయి ఉన్నా అనుమానించాల్సిందే. అలాంటిదాన్ని మార్పిడిలో పెడితే మరో పిల్లాడి చేతికి నకిలీ అంటగట్టినట్టే.

టీషర్టు అయితే లోపలివైపు తిరగేసి భుజం కుట్టు చూడండి. బొమ్మ మీద గోటితో మెల్లగా గీస్తే రబ్బరు పొరలా లేచే ముద్ర నాలుగు ఉతుకులకు పగుళ్ళిస్తుంది. మెత్తటి బొమ్మకు కళ్ళు, ముక్కు కుట్టినవా అతికించినవా చూడాలి. పసిపిల్లలకైతే కుట్టినవే. పేరు కుట్టించుకునే టోపీలను తిరిగి తీసుకోరు, కాబట్టి స్పెల్లింగ్ నోటితో చెప్పకుండా కాగితం మీద రాసివ్వండి.

ఎక్కడ కొనాలన్నది కూడా డబ్బే. ఒక్కో ప్రాంతానికే ప్రత్యేకమైన సరుకు తప్ప, మిగిలినదాంట్లో చాలా భాగం గేటు బయట టికెట్ అక్కర్లేని దుకాణాల్లోనూ దొరుకుతుంది: ఒర్లాండోలో డిస్నీ స్ప్రింగ్స్‌లోని వరల్డ్ ఆఫ్ డిస్నీ, టోక్యో డిస్నీలాండ్ దగ్గర మైహామా స్టేషన్ పక్కనున్న బాన్ వాయేజ్, ఒసాకాలో సిటీవాక్‌లోని యూనివర్సల్ దుకాణం. ధరలో పెద్ద తగ్గుదల ఉండదు, కానీ పార్కు సమయం మిగులుతుంది. నిజంగా తగ్గింపు కావాలంటే ఒర్లాండోలోని ప్రీమియం అవుట్‌లెట్స్‌లో డిస్నీ క్యారెక్టర్ వేర్‌హౌస్ ఉంది. పార్కుల్లో మిగిలిపోయిన అసలు సరుకు అక్కడికి చేరుతుంది. ఏది ఉంటుందో చెప్పలేం, నిరుటి తేదీ ముద్రించినవి మాత్రం తరచూ కనిపిస్తాయి. అమెరికాలో చీటీ మీద ధరకు పన్ను వేరే పడుతుందని మరవకండి. కార్డు యంత్రం "మీ దేశపు కరెన్సీలో చెల్లిస్తారా" అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. ఆ సౌకర్యం పేరుతో వేసే మారకపు రేటు సాధారణంగా మన బ్యాంకు రేటు కన్నా ఎక్కువే.

పార్కు మూసే వేళ గేటు దగ్గరి పెద్ద దుకాణం కిక్కిరిసిపోతుంది. బాణసంచా మొదలవడానికి గంట ముందే వెళితే తీరిగ్గా చూడొచ్చు. సర్దుకునేటప్పుడు విమానం నిబంధనలు గుర్తుంచుకోవాలి. నీళ్ళు నిండిన మంచు గోళం చేతిసంచిలో వెళ్ళాలంటే అందులో ద్రవం 100 మిల్లీలీటర్ల లోపు ఉండాలి, అంటే ఇంచుమించు టెన్నిస్ బంతి అంత. అంతకన్నా పెద్దదైతే పెద్ద పెట్టెలోకే పోతుంది, కాబట్టి ముందు ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, ఆపైన బట్టల మధ్య చుట్టండి. పగిలినా బట్టలు తడవవు. బబుల్ యంత్రంలోని సబ్బునీళ్ళు పారబోసి పెట్టండి. విడి లిథియం బ్యాటరీలు పెద్ద పెట్టెలో వెయ్యకూడదు, చేతిసంచిలోనే ఉంచాలి. మంత్రదండాన్ని దాని గట్టి అట్టపెట్టెతోనే సర్దండి. చాలా దండాల కొన విరిగేది పార్కులో కాదు, సూట్‌కేసులో.