ఎవర్టన్ ఇన్ ద కమ్యూనిటీ, లివర్‌పూల్: ఫుట్‌బాల్ తెలియనివాళ్లు కూడా ఒకసారి వెళ్లాల్సిన చోటు

ముందే రేటింగ్ చెప్పేస్తా, 5కి 4.5. ఆ అర మార్కు ఎందుకు కోశానో కింద వివరంగా రాశాను, అది చదివి వెళ్లడం మాత్రం మానేయకండి. లివర్‌పూల్‌లో ఉంటున్న మనవాళ్లు, ముఖ్యంగా అద్దెలు తక్కువని వాల్టన్, కిర్క్‌డేల్ వైపు ఇల్లు తీసుకున్నవాళ్లు, ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్ పేరుతో నడిచే ఈ ఛారిటీ పక్కనుంచే రోజూ బస్సులో వెళ్తుంటారు గానీ లోపల ఏం జరుగుతుందో చాలామందికి తెలియదు. క్లబ్ లోగో చూసి జెర్సీలు అమ్మే షాపో, టికెట్ ఆఫీసో అనుకుని ముందుకెళ్లిపోతారు. అందుకే ఇది రాస్తున్నా.

ఎవర్టన్ క్లబ్ వయసు నూట నలభై ఏళ్ల పైమాటే, 1878లో సెయింట్ డొమింగో అనే మెథడిస్ట్ చర్చి జట్టుగా మొదలైంది. ఛారిటీ పుట్టింది 1988లో. అప్పట్లో ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ అంటే జనం గొడవలు, తొక్కిసలాటలు గుర్తుచేసుకుని భయపడే పరిస్థితి. క్లబ్బులు చుట్టుపక్కల వీధుల్లో మంచి పేరు తెచ్చుకోవాలని 1986లో ఈ వాయవ్య ప్రాంతంలోనే కొన్ని క్లబ్బులతో ‘ఫుట్‌బాల్ ఇన్ ద కమ్యూనిటీ’ అని ఒక ప్రయోగం మొదలుపెట్టారు, ఆ తర్వాత దేశమంతా పాకింది. ఎవర్టన్‌దీ ఆ కాలం నాటిదే. లోగో ఒకటే అయినా ఇది విడిగా రిజిస్టరైన ఛారిటీ, దీనికి ట్రస్టీలు వేరు, లెక్కలు వేరు. ఇదేం చిన్న విషయం కాదు. 2023-24 సీజన్‌లో ఖర్చుల నిబంధనలు దాటిందని క్లబ్‌కి ముందు 10 పాయింట్లు కోశారు, అప్పీల్ తర్వాత దాన్ని 6 చేశారు, ఆ తర్వాత ఇంకో కేసులో మళ్లీ 2 కోశారు, ఓనర్ మారతాడా మారడా అన్న టెన్షన్ 2024 డిసెంబర్‌లో ఫ్రీడ్‌కిన్ గ్రూప్ కొనేదాకా తీరలేదు. వీధిలో అందరూ దాని గురించే మాట్లాడుకుంటున్న ఆ రోజుల్లోనూ పిల్లల సెషన్లు, పెద్దవాళ్ల టీ సమావేశాలు ఎప్పటిలాగే నడిచాయి.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ‘ద పీపుల్స్ ప్లేస్’ గురించి. స్పెల్లో లేన్‌లో, క్లబ్ పాత స్టేడియం గుడిసన్ పార్క్‌కి కూతవేటు దూరంలో, మానసిక ఆరోగ్యం కోసమే ప్రత్యేకంగా కట్టిన భవనం ఇది, 2023లో తెరిచారు. ఒక ఫుట్‌బాల్ క్లబ్ ఛారిటీకి ఇలాంటి భవనం ఎందుకంటారా? వాల్టన్ ఇంగ్లండ్‌లోనే బాగా పేద ప్రాంతాల్లో ఒకటి. ఇక్కడి మగవాళ్లు, ముఖ్యంగా ఓడరేవు పనుల్లో, ఫ్యాక్టరీల్లో పెరిగిన తరంవాళ్లు, డాక్టర్ దగ్గరికెళ్లి ‘మనసు బాగోలేదు, రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు’ అని చచ్చినా చెప్పరు. జీపీ అపాయింట్‌మెంట్ ఇచ్చినా వెళ్లరు. అదే మనిషి ఎవర్టన్ బోర్డు ఉన్న తలుపు తోసుకుని లోపలికి వచ్చి, పోయిన శనివారం మ్యాచ్‌లో డిఫెన్స్ ఎంత ఘోరంగా ఉందో తిట్టడం మొదలుపెట్టి, అరగంటకి భార్య పోయిన సంగతి దాకా వస్తాడు. ఇలా జరగడం నేను కళ్లారా చూశాను. క్లినిక్ వాసన లేదు, నంబర్ పిలిచేదాకా కుర్చీలో బిగుసుకుని కూర్చోవడం లేదు. మనసు విప్పడానికి ఆ మనిషికి ఒక సాకు కావాలి, ఇక్కడ ఆ సాకు ఫుట్‌బాల్. ఛారిటీకి ఈ కిటుకు కొత్తేమీ కాదు, మానసిక సమస్యలున్నవాళ్ల కోసం ‘ఇమాజిన్ యువర్ గోల్స్’ అనే ఫుట్‌బాల్ కార్యక్రమాన్ని ఈ భవనం రావడానికి చాలా ఏళ్ల ముందునుంచే నడుపుతున్నారు.

మన కుర్రాళ్లకి కూడా ఇది చెప్పాలి. ఇంటిమీద అప్పు తెచ్చి మాస్టర్స్‌కి వచ్చి, పార్ట్ టైమ్ షిఫ్టులు చేసుకుంటూ, కోర్సు అయ్యాక స్పాన్సర్‌షిప్ ఇచ్చే ఉద్యోగం దొరక్క, ఇంటికి ఫోన్ చేస్తే ‘అంతా బాగానే ఉందమ్మా’ అని అబద్ధం చెప్పే పిల్లలు ఈ ఊళ్లో ఎంతమందో. వాళ్లకి కౌన్సెలింగ్ అనగానే భయం, రికార్డులో రాస్తారేమో, వీసాకి ఇబ్బందేమో అని. వచ్చి కూర్చుని మాట్లాడండి, అంతే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, ఇది ఆసుపత్రి కాదు, అత్యవసర పరిస్థితిలో ఇక్కడికి రాకూడదు. అలాంటప్పుడు 111కి ఫోన్ చేసి మానసిక ఆరోగ్యం ఆప్షన్ నొక్కాలి, ప్రాణం మీదికొస్తే 999.

రెండోది మతిమరుపు వ్యాధి, అదే డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లకీ, వాళ్లని చూసుకునేవాళ్లకీ పెట్టిన ‘పాస్ ఆన్ ద మెమరీస్’. మా పక్కింటి పెద్దాయన వెళ్తాడు, ఆయన భార్య ద్వారానే నాకీ సంగతి తెలిసింది. పాత ఫొటోలు, పాత మ్యాచ్‌ల కబుర్లు, టీ, పాటలు. వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. పొద్దున ఏం తిన్నాడో గుర్తులేని మనిషి 1966 ఎఫ్‌ఏ కప్ ఫైనల్ గురించి మొదలుపెట్టాడంటే ఆగడు, షెఫీల్డ్ వెన్స్‌డే మీద ఎవర్టన్ 2-0తో వెనకబడి 3-2తో గెలిచిన మ్యాచ్ అది, ట్రెబిల్‌కాక్ రెండు, టెంపుల్ ఒకటి అని గోల్ కొట్టినవాళ్ల పేర్లు వరసగా చెప్తాడు. ఆయన భార్యకి ఆ కొద్దిసేపు భర్త మళ్లీ పాత మనిషిలా కనిపిస్తాడు. దానికన్నా ముఖ్యం, ఆమెకి తనలాంటి ఇంకో నలుగురు దొరికారు. రాత్రిపూట లేచి వీధిలోకి వెళ్లిపోతుంటే ఏం చేస్తున్నారు, స్నానానికి ఒప్పుకోకపోతే ఏం చేస్తున్నారు, ఇలాంటివి ఒకరినొకరు అడుగుతారు. ఇది ఏ మందుల చీటీలోనూ దొరకదు. మన ఇళ్లలో అమ్మానాన్నల్ని తెచ్చుకుని ఇక్కడ పెట్టుకున్నవాళ్లకి ఫుట్‌బాల్ జ్ఞాపకాలు ఉండవు నిజమే, కానీ చూసుకునేవాళ్ల అలసట అందరిదీ ఒకటే కాబట్టి అడిగి చూడటంలో తప్పులేదు.

పిల్లల విషయానికొస్తే, మావాడు వెళ్లేది ప్రీమియర్ లీగ్ కిక్స్ సెషన్లకి. 2006లో ఇంగ్లండ్ టాప్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ పెట్టిన పథకం, ఒక్కో ఊళ్లో అక్కడి క్లబ్ ఛారిటీ నడుపుతుంది, సాయంత్రం పూట వీధుల్లో తిరిగే పిల్లలకి ఆడుకోవడానికి చోటు, కోచ్ ఇవ్వడం దీని ఉద్దేశం. పైసా కట్టక్కర్లేదు. క్లబ్ పేరుతో సెలవుల్లో నడిచే సాకర్ క్యాంపులకి మాత్రం ఫీజు ఉంటుంది, రెండూ ఒకటే అనుకుని కంగారు పడకండి. ఇక్కడ అకాడమీకి సెలెక్ట్ చేస్తారని, మీవాడు పెద్ద ప్లేయర్ అయిపోతాడని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, దీని పని అది కాదు. కోచ్ బంతి కాళ్లకింద పెట్టుకుని స్కూల్లో ఏమైంది, ఆ గొడవ ఎందుకొచ్చింది అని పిల్లల్ని పేరుపెట్టి అడుగుతాడు, మంచి కోచ్ అంటే ఇక్కడ అదే. మామూలు బడిలో ఇమడలేకపోయిన 14 ఏళ్లు దాటిన పిల్లల కోసం 2012లో ఎవర్టన్ ఫ్రీ స్కూల్ అని బడే తెరిచారు. ప్రభుత్వ సంరక్షణలో పెరిగి, ఆ వయసు దాటి బయటికొచ్చాక తలదాచుకునే చోటు లేని యువత కోసం స్టేడియం దగ్గర్లో ఇల్లు కొనాలని చందాలు పోగుచేసి కొన్నారు కూడా, అందుకోసం జనం గుడిసన్‌లోనే రాత్రంతా చలిలో పడుకుని డబ్బు సేకరించారు.

2024 ఆగస్టు సంగతి కూడా చెప్పాలి. దగ్గర్లోని సౌత్‌పోర్ట్‌లో పసిపిల్లల హత్యల తర్వాత, హంతకుడు వలస వచ్చినవాడన్న అబద్ధపు ప్రచారంతో రేగిన అల్లర్లు మా కౌంటీ రోడ్డు దాకా వచ్చాయి, ఆగస్టు 3 రాత్రి స్పెల్లో లైబ్రరీకి నిప్పుపెట్టారు. గుడిసన్‌కి నడిచి వెళ్లే దూరం. రంగు చూసి కొడతారేమోనని మేమంతా తలుపులు వేసుకుని కూర్చున్నాం. మర్నాడు పొద్దున్నే చీపుర్లు, చెత్తసంచులు పట్టుకుని వీధిలోకి వచ్చింది ఇక్కడివాళ్లే. లైబ్రరీ కోసం ఆన్‌లైన్‌లో రెండు లక్షల పౌండ్లకు పైగా పోగయ్యాయి, డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు. ఆ సంఘటనకీ ఈ రివ్యూకీ సంబంధం ఏమిటంటే, అలాంటి వారం తర్వాత మళ్లీ పిల్లాణ్ని సాయంత్రం ఒంటరిగా బయటికి పంపాలంటే, అవతల మనకి తెలిసిన, మన పిల్లాడి పేరు తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. మాకు ఉన్నాడు. అందుకే పంపగలిగాం.

ఇక అర మార్కు సంగతి. మొదటి కారణం బెట్టింగ్. క్లబ్ జెర్సీ మీద 2017 నుంచి 2020 దాకా స్పోర్ట్‌పెసా, 2022లో మళ్లీ స్టేక్, రెండూ జూదం కంపెనీలే. ఛారిటీ ఒకవైపు అప్పులపాలై కుంగిపోయిన మనిషిని కూర్చోబెట్టి ఓదారుస్తుంటే, అదే క్లబ్ ఛాతీ మీద బెట్టింగ్ పేరు పెట్టుకుని టీవీలో కనిపించడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. ఛారిటీ చేతుల్లో లేని విషయం అని తెలుసు, కానీ లోగో ఒకటే అయినప్పుడు మచ్చ కూడా ఇద్దరికీ అంటుతుంది. ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ కలిసి జెర్సీ ముందుభాగం నుంచి బెట్టింగ్ పేర్లు తీసేయాలని 2023లో ఒప్పుకున్నాయి, 2025-26 సీజన్ ముగిసేదాకా గడువు పెట్టుకున్నాయి. చేతుల మీద, గ్రౌండ్ చుట్టూ ఉండే బోర్డుల మీద మాత్రం నిషేధం లేదు. సగం పనే ఇది. ఆన్‌లైన్ బెట్టింగ్ యాప్‌ల వల్ల మన ఊళ్లలో ఎన్ని ఇళ్లు మునిగాయో తెలిసినవాళ్లకి నా కోపం వివరించక్కర్లేదు.

రెండో కారణం డబ్బు వచ్చే తీరు. ఇలాంటి ఛారిటీలన్నీ గ్రాంట్ల మీద, చందాల మీద నడుస్తాయి. ఒక గ్రాంట్ అయిపోతే ఆ ప్రాజెక్టు భవిష్యత్తు ఏమిటో తెలియదు. 2010 తర్వాత కేంద్రం కోసిన నిధులతో లివర్‌పూల్ కౌన్సిల్ చితికిపోయింది, యువత కోసం ఉండే సెంటర్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఆ పని ఫుట్‌బాల్ క్లబ్ నెత్తిన పడింది. ఇది ప్రభుత్వం చేయాల్సిన పని, క్లబ్ చేస్తోంది కదా అని కౌన్సిల్, లండన్ పెద్దలు చేతులు దులుపుకోకూడదు. అప్పటిదాకా పిల్లలు ఆగరు కాబట్టి ఎవరో ఒకరు చేయాలి, వీళ్లు చేస్తున్నారు.

మగవాళ్ల జట్టు గుడిసన్ వదిలి వెళ్లిపోయాక పరిస్థితి ఏమిటని చాలామంది అడుగుతున్నారు. 2025 మే 18న సౌతాంప్టన్ మీద 2-0తో గెలిచి, 1892 నుంచి ఉన్న ఇంటికి వీడ్కోలు చెప్పారు, ఇప్పుడు బ్రామ్లీ-మూర్ డాక్‌లో కొత్త హిల్ డికిన్సన్ స్టేడియం. జట్టు వెళ్తే వీధి చచ్చిపోతుందని చిప్స్ షాపులవాళ్లు, పబ్‌లవాళ్లు భయపడ్డారు, ఆ భయంలో న్యాయం ఉంది, మ్యాచ్ రోజు వ్యాపారం మీదే బతికిన వీధులివి. మంచి విషయం ఏమిటంటే పాత గుడిసన్‌ని కూల్చకుండా ఆడవాళ్ల జట్టుకి సొంత గ్రౌండ్‌గా ఇచ్చారు, ఛారిటీ కూడా స్పెల్లో లేన్‌ని వదల్లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్ గెలిచినప్పుడు మురిసిపోయాం, 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోతే మన ఊళ్లో దాని తాలూకు ఏం మిగిలింది? క్లబ్ పెట్టాలని డబ్బున్నవాళ్లు ఎవరైనా మళ్లీ అనుకుంటే, ఒక్కసారి వాల్టన్ వచ్చి చూసి వెళ్లమంటాను. జట్టుతోపాటు మొదటి రోజునుంచే ఇలాంటిది ఒకటి పెట్టాలి.

వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. మెర్సీరైల్‌లో కిర్క్‌డేల్ స్టేషన్ దగ్గర దిగితే నడిచిపోవచ్చు, కౌంటీ రోడ్డు బస్సులైతే ఇంకా దగ్గర. కొత్త స్టేడియానికి వెళ్లేవాళ్లు దిగే శాండ్‌హిల్స్‌లో పొరపాటున దిగకండి. ఏ సెషన్ ఏ రోజు, ఎవరికి అన్నది మారుతుంటుంది, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఇంట్లో ప్రత్యర్థి జట్టు లివర్‌పూల్ ఎఫ్‌సీ అభిమాని ఉంటే ఎర్ర జెర్సీ ఇంట్లో పెట్టి రమ్మనండి చాలు, స్టాన్లీ పార్క్ అవతల వాళ్లకీ సొంత ఫౌండేషన్ ఉంది, 2015 నుంచి రెండు జట్ల అభిమానులూ కలిసే ఫుడ్‌బ్యాంక్‌కి సరుకులు పోగుచేస్తున్నారు కాబట్టి ఈ విషయంలో ఇక్కడెవరికీ పట్టింపు లేదు. వాలంటీర్‌గా చేరాలనుకునే విద్యార్థులు ముందు మీ యూనివర్సిటీ వీసా టీమ్‌ని అడగండి, జీతం లేని పని అయినా కొన్ని రకాలు స్టూడెంట్ వీసా మీద వారానికి పెట్టే 20 గంటల పరిమితి లెక్కలోకి వస్తాయి. పిల్లలతో పనిచేయాలంటే డీబీఎస్ చెక్, అంటే నేరచరిత్ర లేదని చూసే తనిఖీ, అవ్వాలి, దానికి కొంత టైమ్ పడుతుంది, సెలవులకి ముందే అప్లై చేసుకుంటే మంచిది.