లూప్ సూపర్, నాణెమే మోసం
నాణెం అమ్మినాయన ఏయూ 58 (దాదాపు వాడనట్టే ఉన్న నాణేలకిచ్చే గ్రేడు) అన్నాడు, ఫొటోలో తళతళ మెరుస్తుంటే నేనూ నమ్మేశా. ఈ 10ఎక్స్ లూప్ (పదింతలు పెద్దగా చూపే చిన్న భూతద్దం) వచ్చాక ఒకే లైట్ కింద మెల్లగా తిప్పి చూస్తే, చక్రంలా తిరగాల్సిన ఆ మెరుపే లేదు, బొమ్మ చుట్టూ ఖాళీ జాగాలో అంతా ఒకే వైపు సన్నటి గీతలు, ఎవరో బాగా తోమేశారన్నమాట. చెవి పైన జుట్టు కూడా అరిగి చదునైపోయింది. నాణేలకి గ్రేడు ఇచ్చే 70 పాయింట్ల షెల్డన్ స్కేల్లో 58 అంటే ఎత్తైన చోట్ల కాస్తంత రాపిడే ఉండాలి కదా, ఇదేమో 45 కూడా డౌటే, పైగా తోమింది కాబట్టి గ్రేడింగ్‌కి పంపినా నంబర్ ఇవ్వకుండా డీటెయిల్స్ (అంటే లోపమున్న నాణెం) అని రాసిచ్చేస్తారు. లూప్ మాత్రం అంచుల దాకా క్లియర్. కాకపోతే లోపలి ఎల్ఈడీ వేస్ట్, పక్కనుంచి పడే టేబుల్ లాంపే బెటర్.