ప్యూపా ప్రోటీన్‌కు ఏ ఎంజైము: ఆల్కలేజా, పెప్సిన్–ట్రిప్సిన్ జంటా?

పట్టుగూళ్ల నుంచి దారం తీశాక మిగిలే ప్యూపాను (గూట్లోని పురుగును) ఎండబెడితే దాదాపు సగం ప్రోటీనే. హిందూపురం, రామనగర వైపు రీలింగ్ చేసేవాళ్లకు ఇది రోజూ మిగిలే సరుకు. దీన్ని ఎంజైములతో తెంచితే వచ్చే కొన్ని చిన్న పెప్టైడ్లు (ప్రోటీన్ ముక్కలు) మన ఒంట్లోని ఏసీఈ అనే ఎంజైమును అడ్డుకుంటాయి. రక్తనాళాలను బిగించి బీపీ పెంచే యాంజియోటెన్సిన్-2 అనే హార్మోన్‌ను తయారుచేసేది ఈ ఏసీఈనే.

పరిశ్రమల్లో వాడే ఎంజైము ఆల్కలేజ్‌ది సులువైన దారి. 50–60 డిగ్రీల వేడి, కాస్త క్షారగుణం ఉంటే చాలు, ప్రోటీన్‌ను చాలాచోట్ల తెంచేస్తుంది. ధర తక్కువ. చేదు మాత్రం వస్తుంది.

పెప్సిన్–ట్రిప్సిన్ మన జీర్ణక్రియనే అనుకరిస్తాయి. 37 డిగ్రీల దగ్గర ముందు పీహెచ్ 2, తర్వాత 8. ఇలా ఆమ్లం, క్షారం రెండూ పోయడంతో ఉప్పు పేరుకుంటుంది. బీపీ ఉన్నవాళ్ల కోసం చేసేదాంట్లో అది ఉండకూడదు, కాబట్టి తీసేయడానికి మళ్లీ ఖర్చు. కానీ ఈ పెప్టైడ్లు కడుపులో మళ్లీ తెగిపోయే భయం తక్కువ. నాకు ఇదే పెద్ద విషయం అనిపిస్తుంది.

అందుకే చవకైన ఆల్కలేజ్‌తో తయారీ, ఆ పెప్టైడ్లు కడుపులో నిలుస్తాయా అన్న పరీక్షకు పెప్సిన్–ట్రిప్సిన్ అంటాను. రొయ్యల అలర్జీ ఉన్నవాళ్లకు పట్టుపురుగు ప్రోటీన్ కూడా పడకపోవచ్చు, వాళ్లకు మాత్రం రెండూ వద్దు.