దెబ్బతిన్న బాస్ గిటారును ఎందుకు ఉంచుకున్నాను: మరమ్మతు తర్వాత కొన్నేళ్ల వాడకంపై సమీక్ష

ముందుగా నా తీర్పు చెబుతాను. దెబ్బతిన్న బాస్ గిటారును ఉంచుకోవాలా, బాగుచేయించాలా, అమ్మేయాలా అన్నది దాని మెడ, అంటే తీగల కింద సాగే పొడవాటి చెక్క, తేలుస్తుంది. బాడీ మీద గీతలు, పెచ్చులూడిన రంగు, తిరగని నాబ్, లోపలికి జారిపోయిన జాక్ (కేబుల్ గుచ్చే చోటు) చూడగానే బెంగ పుట్టిస్తాయి గానీ వాద్యం భవిష్యత్తును నిర్ణయించవు.

నాది ఫెండర్ కంపెనీ జాజ్ బాస్ నమూనాలో తయారైన నాలుగు తీగల గిటారు. ఆల్డర్ బాడీ, మేపుల్ మెడ, రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు (తీగలు నొక్కే పలక, దాని మీది అడ్డ లోహపు గట్లే ఫ్రెట్‌లు), రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చేవి). స్టాండ్ మీద నుంచి ముందుకు పడినప్పుడు అన్నింటికన్నా లావైన ఇ తీగ ట్యూనర్ (శ్రుతి చేసే బిరడా) వంగింది. దాని రంధ్రం నుంచి హెడ్‌స్టాక్ (ట్యూనర్లుండే మెడ పైచివర) చెక్కలోకి పోగు వెంట సన్నని పగులు పాకింది. హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు ఆనే నట్ అంచు చిట్లింది. మెడ బాడీలో కూర్చునే చోట కూడా ఒక గీత కనబడింది. బాగుచేయించినప్పటి నుంచి సాధనకూ కచేరీలకూ దాన్నే వాయిస్తున్నాను.

బాస్ పడిందంటే మొదట చేయాల్సిన పని తీగలన్నీ వదులు చేయడం. 34 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు) మీద మామూలు మందం తీగలు నాలుగూ శ్రుతిలో ఉన్నప్పుడు మెడను లాగే బలం మొత్తం 70 కిలోలకు మించి ఉంటుంది. పగులు ఎంత చిన్నదైనా ఆ బలం దాన్ని గంటగంటకూ తెరుస్తూ పోతుంది. శబ్దం ఎలా ఉందో విందామని మళ్లీ శ్రుతి చేసి చూడాలనిపిస్తుంది. దయచేసి ఆగండి.

తర్వాత గీతలను పరీక్షించాలి, ఎందుకంటే గీతలన్నీ పగుళ్లు కావు. మెడ కూర్చునే గూడు దగ్గర కనబడేవి చాలాసార్లు రంగు పొర చిట్లిన గీతలే. నాలుగు స్క్రూలు విప్పి మెడ తీసి చూస్తే చెక్క శుభ్రంగా ఉంది. ఆ గీతను అలాగే వదిలేశాను, ఇప్పటికీ అంతే ఉంది, పెరగలేదు. హెడ్‌స్టాక్ సంగతి వేరు. అక్కడ వేలితో మెల్లగా ఒత్తితే గీత తెరుచుకుని మూసుకుంది. అది నిజమైన పగులే. అయితే చెక్క పోగులు ఇంకా ఒకదానిలో ఒకటి కూర్చునే ఉన్నాయి, దుమ్ము చేరలేదు, అంతకుముందు ఎవరూ సూపర్ గ్లూ పోయలేదు. మంచి అతుకు పడటానికి ఇంతకన్నా అనువైన స్థితి ఉండదు. గిటార్లు బాగుచేసే నిపుణుడు పగులులోకి చెక్కపని జిగురు లోతుగా ఎక్కించి, క్లాంపులు బిగించి, ఒక రోజంతా కదపకుండా ఉంచాడు. జిగురు సరిగా పడితే ఆ గీత పక్క చెక్కతో సమానంగా గట్టిపడుతుంది. ఇన్నేళ్ల వాడకంలో అది వెంట్రుకవాసి కూడా కదలలేదు. వెలుతురు ఏటవాలుగా పడితే మాత్రం కనబడుతుంది.

ఇక్కడ నమూనా తేడా చాలా ఉంది. జాజ్ బాస్ తరహా హెడ్‌స్టాక్ మెడతో దాదాపు సమాంతరంగా ఉంటుంది కాబట్టి దెబ్బను తట్టుకుంటుంది. గిబ్సన్ థండర్‌బర్డ్ లాంటి బాస్‌లలో హెడ్‌స్టాక్ వెనక్కి వంగి ఉంటుంది. నట్ వెనకాల ఆ వంపు దగ్గర చెక్క పోగు అడ్డంగా తెగి ఉండటం వల్ల, పడితే విరిగేది అక్కడే. పైగా అందులో మెడ బాడీ గుండా సాగుతుంది, విప్పి మార్చడానికి ఉండదు. ఫెండర్ బాస్‌లలో 1951 నాటి ప్రెసిషన్ బాస్ నుంచీ ఉన్న స్క్రూల మెడ పద్ధతి వల్ల మనకున్న గొప్ప ధైర్యం ఇదే: ఏదీ కుదరకపోతే ఇంకో మెడ బిగించుకోవచ్చు. మెడ మడమ (బాడీలో కూర్చునే భాగం) వెడల్పు, స్క్రూ రంధ్రాలు సరిపోతే చాలు.

మెడ నిటారుగా ఉందా లేదా అన్నది ఇంట్లోనే తెలుసుకోవచ్చు. శ్రుతిలో ఉన్న తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టి, ఏడెనిమిది ఫ్రెట్‌ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడాలి. 0.3 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టే. ఎక్కువో తక్కువో ఉంటే మెడ లోపలుండే ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ తిప్పి సరిచేయవచ్చు. ఈ పరీక్షను ఇ తీగ వైపూ అన్నింటికన్నా సన్నని జి తీగ వైపూ విడివిడిగా చేయాలి. రెండు వైపులా ఖాళీ బాగా తేడాగా ఉంటే మెడ మెలిక పడిందని అర్థం. మామూలు ట్రస్ రాడ్ వంపును సరిచేస్తుంది గానీ మెలికను తీయలేదు. నా దగ్గరున్న మరో బాస్ ఇలాగే మెలిక పడింది. దానికి ఒక్క గీత లేదు, చూస్తే కొత్తదానిలా ఉండేది. దాన్ని విడిభాగాల కింద అమ్మేశాను, మెడ సంగతి కొనేవారికి చూపించే అమ్మాను. ఒళ్లంతా దెబ్బలున్నది ఇప్పటికీ నా చేతిలోనే ఉంది.

విద్యుత్ భాగాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మల్టీమీటరుతో పికప్ కొలిస్తే ఈ రకానికి సాధారణంగా 7 నుంచి 8 కిలో ఓములు చూపిస్తుంది. అసలు రీడింగే రాకపోతే లోపల చుట్ట తెగినట్టు. జాక్, పాట్‌లు (నాబ్‌ల కింది నియంత్రణలు), సోల్డరింగ్ ఒక సాయంత్రపు పని.

డబ్బు విషయంలో మాత్రం నిక్కచ్చిగా ఉండాలి. అమ్మాలనుకుంటే బాగుచేయించకండి. హెడ్‌స్టాక్ అతికించిన గిటారును ఎంత చక్కగా అతికించినా అతికించినదిగానే కొంటారు, పెట్టిన ఖర్చు ధరలో తిరిగి రాదు. ఉన్నది ఉన్నట్టు, పగులు దగ్గరి నుంచి తీసిన ఫొటోలతో అమ్మడమే న్యాయం, లాభం కూడా. మరమ్మతు ఖర్చు అదే నమూనా పాత గిటారు ధరలో సగం దాటితే నేను ఆగిపోతాను. 1960ల నాటి అసలు వాద్యమైతే ఈ లెక్క పనిచేయదు. అప్పుడు పాత ట్యూనర్, పాత స్క్రూ, పాత రంగు దేన్నీ పారేయకుండా, పాత వాద్యాలు తెలిసిన నిపుణుడికి చూపించాలి.

అతుకులంటే భయపడేవారికి పేరుపొందిన అమెరికన్ బాస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ వాయించిన 1962 జాజ్ బాస్ గురించి చెబుతాను. ఫ్రెట్‌లు పీకేసి, ఎపాక్సీ పూత పూసిన ఆ బాస్ 1980ల మధ్యలో ముక్కలైంది. నిపుణులు ఆ ముక్కలన్నీ ఏరి, కూర్చి, మళ్లీ వాయించగలిగేలా చేశారు. 1986లో చోరీకి గురై, చాలా ఏళ్ల తర్వాత బయటపడింది. బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీ 1961లో కొన్న హాఫ్నర్ బాస్ కూడా అంతే. 1972లో పోయి, దొరికేనాటికి మరమ్మతు లేకుండా వాయించలేని స్థితిలో ఉంది. 2024 డిసెంబరులో ఆయన మళ్లీ దాన్ని వేదిక మీద వాయించాడు. మన గిటార్లకు ఆ పేరూ ఆ ధరా రావు, నిజమే. కానీ జిగురుకు వాయించేవారి పేరుతో పనిలేదు, చెక్క మన దగ్గరా అంతే గట్టిగా అతుక్కుంటుంది.

ఇక వాడకం. వంగిన ట్యూనర్ స్థానంలో తేలికపాటిది బిగించాక హెడ్‌స్టాక్ కిందికి లాగడం కొంచెం తగ్గింది, శ్రుతి పూర్తి కచేరీ నిలుస్తోంది. ఎముకతో చేసిన కొత్త నట్‌తో ఖాళీ తీగల స్వరం నొక్కిన స్వరానికి దగ్గరైంది. ఈ తరహా బాస్‌లలో తరచూ కనబడే లోపం, జి తీగ మీద 5 నుంచి 7 ఫ్రెట్‌ల మధ్య స్వరం తొందరగా చచ్చిపోవడం, పడకముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. మరమ్మతు దాన్ని తీయలేదు, పెంచనూ లేదు. వాతావరణంలో తేమ మారినప్పుడల్లా ట్రస్ రాడ్‌ను కాస్త తిప్పాల్సి వస్తోంది, అది మేపుల్ మెడలకు మామూలే.

నన్ను ఇబ్బంది పెడుతున్నది పడిన దెబ్బ కాదు, అరుగుదల. గరుకుగా ఉండే రౌండ్‌వౌండ్ తీగల కింద 5 నుంచి 9 వరకు ఫ్రెట్‌లు గాడి పడ్డాయి. ఒకసారి పైన అరగదీయించి లెవెల్ చేయించాను, ఇంకోసారి చేయించడానికి వాటిలో ఎత్తు మిగల్లేదు. ఫ్రెట్‌లన్నీ మార్పించడం పెద్ద ఖర్చే. మెడ ఇప్పటికీ రెండు వైపులా ఒకే ఖాళీ చూపిస్తోంది కాబట్టి, ఈసారి స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్‌లు వేయమని అదే నిపుణుడికి ఇస్తున్నాను.