బయోస్‌లో 48, నడిచేది 41: నాలుగేళ్ల వాడకం తర్వాత నా మదర్‌బోర్డు

రాత్రి కంప్యూటర్ షట్‌డౌన్ చేశాక గోడ స్విచ్ కూడా ఆపేసి పడుకునే అలవాటు నాది. ఆ అలవాటే లేకపోతే ఈ బోర్డుకి ఐదు స్టార్లు ఇచ్చేసి ఊరుకునేవాణ్ణి.

స్పెసిఫికేషన్లు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. దీని మీద ఐ5-8600కె ప్రాసెసర్ నాలుగేళ్లుగా వాడుతున్నాను. కొన్న వారంలోనే దాని వేగాన్ని నిర్ణయించే మల్టిప్లయర్ అంకెను 48కి పెంచి 4.8 గిగాహెర్ట్జ్ దగ్గర పెట్టాను. ఇలా కంపెనీ పెట్టిన వేగాన్ని దాటించడాన్నే ఓవర్‌క్లాక్ అంటారు. ప్రాసెసర్‌ని పూర్తి లోడ్‌లో పరీక్షించే ప్రైమ్95 రాత్రంతా నడిపినా ఒక్క ఎర్రర్ రాలేదు. ఆరు నెలలయ్యాక అడిగిన ప్రతివాళ్లకీ "4.8 దగ్గర కూడా చల్లగా, నిమ్మళంగా ఉంటుంది, కళ్లు మూసుకుని తీసుకోండి" అని చెప్పాను. ఆ మాటలో "చల్లగా" అన్న ముక్క వరకు వెనక్కి తీసుకుంటున్నాను.

పొద్దున పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్లు రెండు మూడు సెకన్లు తిరిగి టక్కున ఆగిపోయేవి. ఏమీ నొక్కకుండానే మళ్లీ తిరిగేవి. ఒక్కోసారి మూడో విడత కూడా. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు విండోస్ వచ్చేది. పాత బండి మొదటి కిక్కుకి అందుకోదు కదా, ఇదీ అంతే అనుకున్నాను. పైగా కరెంటు పూర్తిగా తీసేసి పెట్టినప్పుడో, బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల తెరలో, కొన్ని సెట్టింగులు మార్చినప్పుడో బోర్డు ఒకసారి ఆగి లేవడం మామూలే. అందుకే టెన్షన్ పడలేదు. పడాల్సింది.

నేను వీడియోలు ఎడిట్ చేస్తాను. మధ్యలో రీస్టార్ట్ చేశాక రాత్రిపూట 40 నిమిషాల్లో రెండర్ అయ్యే వీడియోనే పొద్దున పెడితే 49 నిమిషాలు తీసుకునేది. ముందు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకున్నాను, తర్వాత యాంటీవైరస్‌ని. ఒకరోజు రెండర్ నడుస్తుండగా ప్రాసెసర్ అప్పటి వేగాన్ని చూపించే సీపీయూ-జెడ్ ఊరికే తెరిస్తే మల్టిప్లయర్ 41 దగ్గర ఉంది. అంటే ఓవర్‌క్లాక్ చెయ్యకముందు ఆరు కోర్లూ కలిసి పరిగెత్తే వేగం. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ వేగం 3200 ఉండాల్సింది 2133 చూపిస్తోంది. సెట్టింగులు చెరిగిపోయాయేమో అని బయోస్‌లోకి వెళ్లాను. అక్కడ 48 అలాగే ఉంది. ర్యామ్‌ని పెట్టె మీద రాసిన వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగు కూడా ఆన్‌లోనే ఉంది. సేవ్ చేసి బయటికొస్తే నిజంగానే 48. మర్నాడు పొద్దున మళ్లీ 41.

నా కోపమంతా ఇక్కడే. స్టార్టింగులో బోర్డు ర్యామ్‌తో సిగ్నళ్ల టైమింగ్ కుదుర్చుకుంటుంది, దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. అది కుదరకపోతే ఆగి ఇంకోసారి ప్రయత్నిస్తుంది. అప్పటికీ కుదరకపోతే డీఫాల్ట్ సెట్టింగులతో లేస్తుంది. ఇంతవరకు న్యాయమే, అసలు లేవకుండా పడి ఉండడం కన్నా నయం. కానీ ఆ సంగతి చెప్పాలా వద్దా? నా పాత బోర్డు ఓవర్‌క్లాకింగ్ ఫెయిలయింది, ఎఫ్1 నొక్కు అని స్క్రీన్ మీద మొహమాటం లేకుండా చెప్పేది. దీనికి ఓడిపోయానని చెప్పుకోవడం నామోషీ. పైగా బయోస్‌లో పాత అంకెలే చూపిస్తూ కూర్చుంటుంది.

ప్రైమ్95 పరీక్ష ఎందుకు నెగ్గిందో కూడా అప్పుడర్థమైంది. దాన్ని రీస్టార్ట్ చేసిన వెంటనే మొదలుపెట్టాను, కాబట్టి ఆ రాత్రి నిజంగానే 4.8. ఆ తర్వాత నెలల తరబడి నేను మెచ్చుకున్న 62 డిగ్రీల చల్లదనం మాత్రం డీఫాల్ట్‌ది. అసలు 4.8లో రెండర్ చేస్తే 78 దాటుతోంది.

కారణం పట్టుకోవడానికి రెండు వారాలు పట్టింది. పది నిమిషాలు స్విచ్ ఆపి వేస్తే ఈ జబ్బు కనపడదు, రాత్రంతా ఆపాల్సిందే. అంటే రోజుకు ఒక్క పరీక్షే. ముందు బోర్డు మీదున్న చిన్న సీఆర్2032 బ్యాటరీ మార్చాను. గడియారం సరిగ్గానే చూపిస్తున్నప్పుడు బ్యాటరీ మీద అనుమానం ఎందుకొచ్చిందో నాకే తెలియదు. కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్‌ని స్నేహితుడి దగ్గర నుంచి తెచ్చి పెట్టాను, అదే తీరు. ప్రాసెసర్ కోర్ వోల్టేజీ కాస్త పెంచాను, వేడి పెరిగింది తప్ప ఇంకేమీ లేదు. చివరికి, మొదటి రోజే చెయ్యాల్సిన పని చేశాను. ఎక్స్‌ఎంపీ ఆపి 48 మాత్రం ఉంచితే పొద్దున ఒక్క దెబ్బకి లేచింది. ప్రాసెసర్‌ని డీఫాల్ట్‌లో పెట్టి ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే మళ్లీ ఆగి లేచింది. పాపం ప్రాసెసర్‌ని అన్యాయంగా అనుమానించాను.

దోషంలో నా వాటా కూడా ఉంది. నాలుగు ర్యామ్ స్టిక్స్‌లో రెండు మొదట్లో కొన్నవి, రెండు కొన్నాళ్లకి కలిపినవి. పెట్టె మీద అంకెలు ఒకటే అయినా, వేర్వేరుగా కొన్న కిట్లు కలిసి 3200లో నడుస్తాయన్న హామీ ఏమీ ఉండదు. అసలు ఈ ప్రాసెసర్‌కి అధికారికంగా చెప్పిన ర్యామ్ వేగం 2666 మాత్రమే, 3200 అంటే అదీ ఓవర్‌క్లాకే. రెండు స్టిక్స్ తీసేస్తే అంతా శుభ్రంగా నడిచింది. కానీ ఎడిటింగ్‌కి నాకు 32 జీబీ కావాలి.

చివరికి పనిచేసింది ఇది: మెమరీ ఫాస్ట్ బూట్ ఆపేశాను. అది ఆన్‌లో ఉంటే బోర్డు పాత ట్రైనింగ్ విలువలనే మళ్లీ వాడుకుంటుంది, రాత్రంతా చల్లబడ్డ ర్యామ్‌కి అవి సరిపోవడం లేదని నా అనుమానం. ర్యామ్‌ని 3000కి దించాను. ప్రాసెసర్‌లో ర్యామ్‌ని నడిపే భాగానికి అందే సిస్టమ్ ఏజెంట్ వోల్టేజీని ఆటో నుంచి తీసి 1.15 వోల్టుల దగ్గర పెట్టాను. వేడి చూసి మల్టిప్లయర్ కూడా 47కి తగ్గించాను. ఇప్పుడు లేవడానికి పది సెకన్లు ఎక్కువ పడుతోంది, కానీ ఒకేసారి లేస్తోంది. మూడు నెలలైంది.

ఒక్క విషయంలో బోర్డుని మెచ్చుకోవాలి. మూలన తేడా ఎక్కడుందో చెప్పే నాలుగు చిన్న లైట్లున్నాయి. పక్క ప్యానెల్ తీసి చూసిన రోజున, ఫ్యాన్లు ఆగబోయే ముందు ర్యామ్‌కి సంబంధించిన డీర్యామ్ లైటు ఒక్క క్షణం వెలిగింది. పాపం మొదటి నుంచీ చెబుతూనే ఉంది కాబోలు, క్యాబినెట్ టేబుల్ కింద ఉంటే నాకెలా కనపడుతుంది!

కొనొచ్చా అంటే, ఒకే కిట్‌లో వచ్చిన రెండు స్టిక్స్ వేసి, గోడ స్విచ్ ఆపకుండా వాడేవాళ్లకి ఈ గొడవ తగలకపోవచ్చు. నాలాగా నాలుగు స్లాట్లూ నింపేవాళ్లయితే పొద్దున పూట ఒకసారి సీపీయూ-జెడ్ తెరిచి చూసుకోండి. నేను ఇప్పటికీ చూస్తున్నాను. కొత్త బయోస్ అప్‌డేట్ వచ్చింది, వివరాల్లో "మెమరీ స్థిరత్వం మెరుగుపరచబడింది" అని ఒకే ముక్క ఉంది. చేతిలో ఉన్న వీడియో పూర్తయ్యే దాకా దాన్ని ముట్టుకోను.