బొటనవేలిని పట్టి ఉంచే స్ప్లింట్: ఏడాదిన్నర వాడాక నా మాట

కుడి మణికట్టుకు బొటనవేలి వైపు నొప్పి మొదలవగానే మామూలు సాగే బ్యాండ్ కొన్నాను. అది మణికట్టును పట్టి బొటనవేలిని వదిలేసే రకం. మూడు నెలలు కట్టుకున్నా కూరగాయలు తరిగినప్పుడు, తడిగుడ్డ పిండినప్పుడు, నిండు గిన్నె ఒంటిచేత్తో ఎత్తినప్పుడు అదే పోటు. బ్యాండ్‌లో లోపమేమీ లేదు. నా నొప్పికి అది సరిపడదు, అంతే.

చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్తే, బొటనవేలిని అరచేతిలో ముడిచి పిడికిలి పట్టి, చేతిని చిటికెనవేలి వైపు వంచమన్నారు. ప్రాణం పోయినంత పనైంది. దీన్ని డి కెర్వాన్ జబ్బు అంటారట. ఫ్రిట్జ్ డి కెర్వాన్ అనే స్విట్జర్లాండ్ సర్జన్ 1895లో దీని గురించి రాశారు. బొటనవేలిని కదిపే రెండు స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి) మణికట్టు దగ్గర ఒకే ఇరుకు తొడుగులోంచి వెళ్తాయి. ఆ తొడుగు మందమెక్కితే అవి సాఫీగా జారలేవు. మరి బొటనవేలు స్వేచ్ఛగా ఆడుతుంటే ఆ స్నాయువులకు విశ్రాంతి ఎక్కడిది?

అప్పుడు తీసుకున్నదే ఈ స్ప్లింట్. బొటనవేలి పక్కన వంచుకోగల లోహపు పట్టీ, మణికట్టు చుట్టూ వెల్‌క్రో. మొదటి రెండు వారాలు తేడా తెలియక టెన్షన్ పడ్డాను. ఆరో వారానికి పొద్దున లేవగానే వచ్చే పోటు బాగా తగ్గింది. మధ్యలో డాక్టర్ ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా ఇచ్చారు, కాబట్టి మెప్పంతా స్ప్లింట్‌కే ఇవ్వలేను.

వంటింట్లో దీనితో పెద్ద చిక్కు తడి. ఒకసారి తడిస్తే గంటలకొద్దీ ఆరదు, లోపల చర్మం చెమటకు ఎర్రబడుతుంది. పైన రబ్బరు గ్లౌజు వేసుకుందామంటే పట్టదు. వెల్‌క్రోలో దారప్పోగులు ఇరుక్కుని ఎనిమిది నెలలకే పట్టు సడలింది. ఉతికేముందు లోహపు పట్టీ తీసేయాలి, మరిచిపోకండి.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఒకటుంది. దీన్ని కట్టుకుని పని చేయకండి. నేను చేశాను. బొటనవేలు కదలకపోయేసరికి భారమంతా మోచేతి మీద పడి అక్కడ కొత్త నొప్పి మొదలైంది. ఇది విశ్రాంతి కోసం. అలాగని రోజంతా ఉంచినా వేలు బిగుసుకుపోతుంది. నేను రోజుకు నాలుగైదు సార్లు తీసి, నొప్పి రానంత మేరకు మెల్లగా కదిపేదాన్ని.

పని తీరు కూడా మార్చుకోవాల్సి వచ్చింది. గిన్నెను అంచు దగ్గర బొటనవేలితో పట్టి లేపడం మానేసి, రెండు అరచేతులూ కిందుగా పెట్టి ఎత్తుతున్నాను. గుడ్డను మెలితిప్పకుండా సింకు గోడకు అదిమి నీళ్లు కారుస్తాను. కత్తికి పదును బాగా పట్టిస్తాను. మొద్దు కత్తితో ప్రతి కోతకూ బొటనవేలు బిగించాల్సిందే.

బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి రాత్రిళ్లు మెలకువ వస్తుంటే మాత్రం అది బహుశా మణికట్టులో నరం నొక్కుకుపోవడం. దానికి మణికట్టును తిన్నగా ఉంచే వేరే స్ప్లింట్ వాడతారు. నేను తీసుకున్నది చూసి మీరూ ఇదే కొనకండి, ముందు చెయ్యి చూపించుకోండి.

ఇప్పుడు పగలు దీని అవసరం లేదు. ఎక్కువసేపు తరగాల్సి వచ్చిన రోజు రాత్రి మాత్రం కట్టుకుని పడుకుంటాను. పాత వెల్‌క్రో తీయించి కొత్తది కుట్టించాను, గట్టిగానే పడుతోంది.