ఓడెక్కినా తప్పని లాఫ్టస్ సారు: ‘డాక్టర్ ఎట్ సీ’

లండన్ వీకెండ్ టెలివిజన్ సంస్థ నిర్మించగా 1974లో బ్రిటన్‌లోని ఐటీవీలో ప్రసారమైన ‘డాక్టర్ ఎట్ సీ’ అనే 13 భాగాల హాస్య ధారావాహికను, కరీంనగర్‌లో ఎంబీబీఎస్ చదువుతున్న మా అమ్మాయి బతుకమ్మ సెలవులకు హన్మకొండ వచ్చినప్పుడు ఆమెతో కలిసి చూశాను. సెయింట్ స్విథిన్స్ అనే కల్పిత ఆసుపత్రిలో పనిచేసిన డంకన్ వేరింగ్, డిక్ స్టువర్ట్-క్లార్క్ అనే ఇద్దరు వైద్యులు ఒక విహార నౌకలో కొలువు చేయడమే ఇందులోని కథ. ఆసుపత్రిలో వాళ్లను హడలెత్తించిన ప్రొఫెసర్ లాఫ్టస్‌కు స్వయానా తోబుట్టువు ఆ ఓడకు కెప్టెన్. రెండు పాత్రలనూ పోషించినది ఎర్నెస్ట్ క్లార్క్ అనే నటుడే.

ఈ ధారావాహికకు ప్రాణం ఆ ఎత్తుగడలోనే ఉంది. ప్రభుత్వాసుపత్రిలో 30 ఏళ్లు ఫార్మసిస్టుగా పనిచేసిన నేను, పెద్ద డాక్టరు గారు రౌండ్స్‌కు వస్తున్నారని తెలియగానే కేస్ షీట్లు చేతబట్టుకొని మంచాల పక్కన బిగుసుకుపోయి నిలబడే హౌస్ సర్జన్లను ఎందరినో చూశాను. అయితే వాళ్లకు డ్యూటీ ముగిశాక హాస్టల్ ఉండేది, చౌరస్తాలో చాయ్ ఉండేది. ఓడలోని వైద్యుడికి ఆ వెసులుబాటు లేదు. రోగిని చూసే చోటా, అన్నం తినే చోటా, నిద్రపోయే చోటా కెప్టెన్ మాటే చెల్లుతుంది. డంకన్‌గా రాబిన్ నెడ్వెల్, డిక్‌గా జెఫ్రీ డేవీస్ ఆ ఉక్కిరిబిక్కిరిని కళ్లతోనే పలికించారు. ముఖ్యంగా నెడ్వెల్ తప్పు దొరికిపోయిన క్షణంలో నవ్వబోయి ఆపుకొనే తీరు చూసి, మా అమ్మాయి తన క్లాస్‌మేట్ ఒకరు అచ్చం ఇలాగే చేస్తారని చెప్పింది.

మూల రచయిత రిచర్డ్ గోర్డన్ అసలు పేరు గోర్డన్ ఓస్ట్‌లెర్. ఆయన మత్తు వైద్యుడు, కొంతకాలం ఓడలో డాక్టరుగా కూడా పనిచేశారు. అంతటి అనుభవం పునాదిగా ఉన్నప్పటికీ, ఈ ధారావాహికలో వైద్యం పాలు తక్కువై ప్రేమ వ్యవహారాల పాలు ఎక్కువైందన్నది నా ప్రధానమైన అసంతృప్తి. నర్సులనూ ప్రయాణికురాళ్లనూ కేవలం వెంటపడడానికే అన్నట్లు రాసిన సన్నివేశాలు మా అమ్మాయికి ఏమాత్రం నచ్చలేదు, ఆమె అభ్యంతరం న్యాయమైనదే. సముద్రం కూడా అరుదుగానే కనిపిస్తుంది. కథ చాలావరకు స్టూడియోలో వేసిన గదులలోనే నడుస్తుంది. మాటల విరుపులు వేగంగా సాగిపోవడంతో మేము కొన్ని చోట్ల ఆపి, వెనక్కి తిప్పి వినవలసి వచ్చింది.

చూడదలచినవారు నేరుగా దీనితో మొదలుపెట్టవద్దని నా మనవి. ఈ వరుసలో మొదటిదైన 1969 నాటి ‘డాక్టర్ ఇన్ ద హౌస్’లో ఈ ఇద్దరూ ఇంకా వైద్య విద్యార్థులు. అక్కడ ప్రొఫెసర్ లాఫ్టస్ చేతిలో వాళ్లు పడిన పాట్లు తెలిసి ఉంటేనే, ఓడలో అదే ముఖం కెప్టెన్ టోపీతో ఎదురైనప్పుడు వాళ్ల గుండె ఎందుకు జారిపోయిందో అర్థమవుతుంది.